పేరు తెలియని నల్లపండ్లు

ఆత్మకూరులో మేము కొన్న పాత ఇంటి పెరట్లో ఒక చెట్టు ఉంది. మొదటి వేసవిలోనే గుత్తులు గుత్తులుగా కాసింది. రేగిపండుకన్నా చిన్నవి, మాగితే నల్లగా అయ్యేవి. అవేం పండ్లో మాకెవరికీ తెలియదు. ఇల్లు అమ్మినవాళ్లకూ తెలియదట.

మా అత్తకు ఆ చెట్టంటే భయం. "పేరు తెలీని చెట్టు ఇంట్లో ఏందమ్మాయ్? ఎవరన్నా తిని పోతే?" అని, ఆదివారం కొట్టేయడానికి మనిషిని కూడా మాట్లాడేసింది. ఆ రోజు మంగళవారం.

"ఆదివారం లోపల పేరు కనుక్కుంటా. కనుక్కోలేకపోతే కొట్టిద్దువులే అత్తా" అన్నాను. మాట అనేశాక వెనక్కి తగ్గబుద్ధి కాలేదు.

ఫోన్లో చెట్ల పేర్లు చెప్పే యాప్‌లో ఫొటో పెడితే ఒకరోజు నేరేడు అంది. మర్నాడు నోరు తిరగని పేరేదో చెప్పింది. నేరేడాకు నాకు తెలియదా? నర్సరీ ఆయన ఆకు నలిపి వాసన చూసి, "మేం అమ్మేది కాదు మేడం" అని తిరిగి ఇచ్చేశాడు.

శనివారం పొద్దున్నే పండ్లున్న కొమ్మ ఒకటి విరిచి సంచిలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. అక్కడ కొయ్య గరిటెలు చెక్కేవాళ్లకు కొండచెట్లు తెలిసి ఉంటాయని నా నమ్మకం.

అక్కడ ఒక పెద్దావిడ వాకిట్లో కూర్చుని గరిటెకు ఆకురాయి పెడుతోంది. కొమ్మ చూపించాను. అటూ ఇటూ తిప్పి, "బెరడు ఎట్టుండాది?" అంది.

"పగుళ్లు పగుళ్లుగా, మొసలి వీపు మాదిరి."

ఆమె నవ్వి, ఒక పండు తెంపి నోట్లో వేసుకుంది. నేను ఆపేలోపే గుజ్జు చప్పరించి గింజ ఊసింది. గింజను రాతిమీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టింది. చీలిన పెంకులోంచి చిన్న పప్పు తీసి నా చేతిలో పెట్టింది.

"తిను."

తిన్నాను. ఆ రుచి నాకు బాగా తెలుసు.

"సారపప్పు కదా ఇది!"

"అంగట్లో కొంటే సారపప్పు, చెట్టుకుంటే మొర్రిపండు. చిన్నప్పుడు కొండకు పొయ్యి కడుపునిండా తినొచ్చేవాళ్లం. ఇంట్లోనే పెట్టుకోని ఊరంతా తిరగతా ఉండావా?"

సిగ్గేసింది. సంతోషం అంతకన్నా ఎక్కువ.

సాయంత్రం అత్త ముందే నాలుగు పండ్లు తిన్నాను. ఆమె గంటసేపు నా మొహమే చూస్తూ కూర్చుంది. నాకేమీ కాలేదని తేలాక ఒకటి చప్పరించి, "పుల్లపుల్లగా బాగుండాదే" అంది. చెట్టు కొట్టే మనిషికి తనే ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

పై కొమ్మలవి పిట్టలు తినేశాయి. చేతికందినవాటి గింజలు ఎండబెట్టి, ఇద్దరం రెండు రోజులు కొడితే గుప్పెడు పప్పు వచ్చింది.