బావగారి కళ్ళకు నేను పెట్టిన పరీక్ష

మన కుటుంబంలో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో, ఎవరి ఒంట్లో ఏ లోపం ఉందో రాసి పెట్టడానికి కొన్న పుస్తకం ఇది. పెద్దవాణ్ణని మొదటి పేజీ నాకిచ్చారు. "రెండు ముక్కల్లో రాయి నాన్నా, డాక్టరుకి చూపించాలి" అంది మా అమ్మాయి. రెండు ముక్కల్లో ఇమిడే మనిషినా నేను?

ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదేళ్ళూ దస్తూరీకి మాస్టారి మెప్పు నాదే. తర్వాత కత్తెర పట్టాను. మనిషి వీధిలో నడిచి వస్తుంటే చూసి, టేపు ముట్టకుండా చొక్కా కుట్టగల దర్జీని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ చొక్కాలు కొందరికి బిగుతుగా వచ్చిన మాట నిజమే. వాళ్ళు తర్వాత ఒళ్ళు చేశారు. బ్యాండు వాళ్ళకు ఎర్ర కోట్లు కుట్టమంటే, ఒక కోటుకు ఆకుపచ్చ చేతులు తగిలించాను. అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని దాన్ని బ్యాండు మాస్టరుకే తొడిగారు. పళ్ళన్నీ సొంతవే. షుగరు లేదు, బీపీ లేదు. ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. అందుకే నా పేరు కింద "ఏ లోపమూ లేదు" అని రాశాను. పైన కనిపిస్తున్న ఆ కొట్టివేత కూడా నాదే. అదెలా జరిగిందో చెబుతాను.

మా అమ్మాయి కొడుకు రైలు డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాడు. తర్వాత కంటి పరీక్షలో తప్పాడు. చుక్కల్లో దాగున్న అంకెలు చూపిస్తే ఒక్కటీ చెప్పలేకపోయాడట. మా అల్లుడు మండిపడ్డాడు. "చంటిపిల్లలకి కూడా ఎరుపేదో పచ్చేదో తెలుసు. స్నేహితులతో కలిసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకోవాలని కావాలనే తప్పు చెప్పాడు వీడు!" అన్నాడు. ఆ రోజు నుంచి కొడుకుతో మాటలు బంద్. ఏ సంగతైనా తల్లి నోటి మీదుగానే. "నాకు నిజంగా కనబడలేదు అమ్మమ్మా" అని వాడు మా ఆవిడ దగ్గర ఏడ్చాడు.

కళ్ళ డాక్టరు మాత్రం, "ఇది రక్తంలో వచ్చేదై ఉండొచ్చు. రెండువైపులా పెద్దవాళ్ళలో ఎవరికైనా ఉందేమో కనుక్కుని రాసి తెండి" అన్నాడు. రెండువైపులా ఎందుకు? మనవైపు నేనున్నానుగా! లోపం ఉంటే అల్లుడి వైపే ఉండాలి. అది పట్టుకొస్తే మనవడి మీద మచ్చ పోతుంది, నా ఖాతాలో ఇంకో ఘనకార్యం పడుతుంది.

కొట్లో మిగిలిన గుడ్డముక్కలు సంచిలో వేసుకుని, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని అల్లుడింటికి వెళ్ళాను. అల్లుడి తండ్రి, అంటే మా బావగారు, బస్సు డ్రైవరుగా రిటైరై అక్కడే ఉంటున్నాడు. ఆయన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

"ఎరుపుకి ఆగి పచ్చకి కదిలినవాణ్ణి బావగారూ. నా కళ్ళకు పరీక్షా?" అన్నాడాయన.

"పై దీపమా, కింది దీపమా అని చూసి నడిపి ఉంటారు లెండి" అన్నాను. నేను రోడ్డు దాటేది అలాగే. లోకమంతా అలాగే దాటుతుందనుకున్నాను.

ఒక ముక్క ఎత్తి చూపించాను. "మెరూన్" అన్నాడు. తప్పు, కాఫీ రంగు. ఇంకోటి తీశాను. "ముదురు ఆకుపచ్చ." ఇదీ తప్పే, ఇదీ కాఫీ రంగే. మూడోదీ తప్పు చెప్పాడు. పాపం, జాలేసింది. ఇన్నాళ్ళూ ఎంతమంది ప్రాణాలు ఈయన చేతుల్లో పెట్టారో!

"దొరికింది!" అని అరిచాను. "అమ్మాయ్, పుస్తకం పట్రా. మీ మామగారి పేరు కింద రాయి."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"చాల్లెండి సంబడం. అన్నయ్యగారు చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు చెబుతున్నది మీరు."

"దర్జీని నేనా, నువ్వా?"

"దర్జీ మీరే. దారం రీళ్ళు అందించింది ఎవరు?"

నిజమే. కొట్లో మిషన్ పక్కన కూర్చుని ప్రతి రీలూ ఆవిడే అందించేది. నా మీద ప్రేమ కొద్దీ అనుకునేవాణ్ణి.

"ప్రేమా నా మొహమా! పెళ్ళైన కొత్తలో ఆకుపచ్చ చొక్కాకి ఎర్ర దారంతో కాజాలు కుట్టారు. అప్పట్నుంచీ కూర్చున్నాను. ఆ బ్యాండు కోటు నేను జ్వరమొచ్చి పడుకున్నప్పటిది."

"మరి చెప్పలేదేమే?"

"జబ్బని నాకేం తెలుసు? మీకు ధ్యాస తక్కువనుకున్నాను."

బావగారు నవ్వు ఆపుకోలేక పొలమారి, నీళ్ళు తాగాల్సి వచ్చింది.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. లోపలి గదిలోంచి కొడుకును పిలిచి, ముక్కలన్నీ చాప మీద కుమ్మరించింది. "ఒకేలా ఉన్నవి ఒకచోట పెట్టు" అంది. వాడు పెట్టాడు. ముక్కలన్నీ మళ్ళీ కలిపేసి, ఆ పక్కకు తిరిగి కూర్చున్న నన్ను పిలిచి అదే పని చెప్పింది. నేనూ పెట్టాను. నా కుప్పలూ వాడి కుప్పలూ ఒకటేనట. అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

వచ్చి, నా కుప్పలోంచి రెండు ముక్కలు తీసి కొడుకు ముందు పెట్టాడు. "ఇవి రెండూ నీకు ఒకటేనా?"

"ఒకటే కదా నాన్నా."

"తేడా ఏముంది అల్లుడుగారూ?" అన్నాను నేను కూడా. ఈసారి వాదానికి కాదు, నిజంగానే అడిగాను.

అల్లుడు ఆ ముక్కలు రెండూ తీసి సంచిలో పడేశాడు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?"

"అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకున్నాను."

అల్లుడు కొడుకు పక్కనే చాప మీద కూర్చున్నాడు. "తిన్నావా పొద్దున?" అన్నాడు. మా అమ్మాయి గబగబా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

రైలు ఉద్యోగం ఎలాగూ పోయింది, దానికి నేను చేయగలిగింది లేదు. ఇది తాత దగ్గర్నుంచి కూతురి మీదుగా మనవడికి దిగుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. కూతురికి పైకేమీ కనిపించదట. కాబట్టి బావగారి పేరు కింద "కళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అని నా చేత్తోనే రాశాను. ఆయన పక్కన నిలబడి, పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. నా పేరు కింద ఇది రాశాను: "ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పుట్టుకతోనే. డెబ్బై దాటాక తెలిసింది."

మన ఆడపిల్లల కడుపున పుట్టబోయే మగపిల్లలూ, బొమ్మలో చెట్టుకు తప్పు రంగు వేశావని మిమ్మల్ని ఎవరైనా తిట్టబోతే, ముందు ఈ పేజీ వాళ్ళ చేతిలో పెట్టండి.