ఒక్క గుక్కకే చచ్చిన జమీందారు

ఈ రోజు మధ్యాహ్నం పామిడిలో గడ్డం చేయించుకుంటుంటే, షాపు టీవీలో ఎవరూ పేరు వినని పాత హత్యల సినిమా వచ్చింది. జమీందారు విషం కలిపిన పాలు ఒక్క గుక్క తాగి, గొంతు పట్టుకుని ఒరిగిపోయాడు. చావడం భలే చేశాడన్నాను నేను.

గడ్డం గీస్తున్న ఓబులేసు కత్తి ఆపలేదు.

“అంతా అబద్ధమన్నా. శెనక్కాయ ఎండిపోయిన యేడు మా నాయన పురుగుల మందు తాగి, తెల్లారేదాకా కొట్టుకున్నాడు.”

వంతు కోసం కూర్చున్న రైతు టీవీ మీంచి చూపు తిప్పకుండా “ఏం మందు తాగినాడప్పా?” అన్నాడు. ఓబులేసు ఆ మందు పేరు చెప్పాడు.

“దానికి అంతసేపు పడతాదిలే. మా తమ్మునికీ అంతే” అన్నాడు రైతు.

ఇంతలో కరెంటు పోయింది. ఆ సినిమా చివరిదాకా చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. చంపినవాడు దొరికాడా?