కళ్ళకద్దుకున్న కాగితం

మొన్న నరసరావుపేటలో కంటి ఆసుపత్రికి వెళితే, శుక్లం ముదిరిందో లేదో చూడాలని అక్కడి అమ్మాయి నన్నొక మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు అక్కడ ఆనించండి, రెప్ప వాల్చకుండా ఆ వెలుగు వంక చూడండి అంది. అంత మెత్తగా చెప్పిన మాటకే నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. బీపీ పెరిగిందేమోనని ఆ పిల్ల కంగారుపడి కుర్చీ వెనక్కి లాగింది గాని, నా భయం జబ్బుకు సంబంధించింది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక పరాయి దేశపు విమానాశ్రయంలో నిలబడి ఇలాంటి వెలుగులోకే చూశాను, ఆ ఒక్క చూపుతో నా బతుకు తలకిందులైంది.

మాది నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. లారీల షెడ్డులో టింకరింగు పని నాది, అంటే సొట్టలు పడిన రేకును సుత్తితో కొట్టి సాపు చేయడం. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అప్పటికే దుబాయిలో ఉండేవాడు. మా వాళ్ళకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే గనక, నేను వెళ్ళేది నిజంగా ఏ దేశానికో విమానం దిగాక గాని నాకూ సరిగ్గా తెలియలేదు. అన్న పిలిస్తే విజిట్ వీసా మీద వెళ్ళాను. చూసి రమ్మని ఇచ్చిన వీసా అది. నేను చూసిందల్లా ఒక షెడ్డు, దాని వెనక ఇనుప మంచాల గది. ఉన్నది మాత్రం నాలుగేళ్ళు. గడువు దాటి ఉండిపోయిన మా వంటి వాళ్ళను అక్కడ కల్లివెల్లి అనేవాళ్ళు. పోతే పోనీ అని చెప్పే అరబ్బు మాటట అది, మేము మాత్రం దాన్ని మా అందరికీ ఇంటిపేరులా వాడుకునేవాళ్ళం.

అన్నకు కాగితాలన్నీ సక్రమంగా ఉండేవి. పదేళ్ళుగా అక్కడే ఉండటం వల్ల అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. పోలీసులు తిరుగుతున్నారని తెలిస్తే ముందు నాకే కబురు పంపేవాడు. ఒకసారి రేకు కోసుకుని నా రెండు అరచేతులకూ కట్లు కడితే, వారం రోజులు తనే గోంగూర పచ్చడితో అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అన్న చెడ్డవాడని నేను ముందే పసిగట్టి ఉండాల్సిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది కాబట్టి.

ఇంతలో ఆ ప్రభుత్వం కల్లివెల్లి వాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది. మన పేపర్లు రాసిన ఆ మాటే నన్ను సగం ముంచింది. మన ఈడు వాళ్ళకు తెలుసు, క్షమించడమంటే మన పల్నాడులో పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని తప్పయిందంటే, సరే పోరా అని, మర్నాడు మళ్ళీ అదే అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకోవడం. పరాయి దేశపు క్షమ వేరేగా ఉంటుందని నాకెలా తెలుస్తుంది? ఉద్యోగం ఇచ్చే యజమాని ముందుకొస్తే అక్కడే ఉండిపోవచ్చు, లేదంటే శిక్ష లేకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఇవీ రెండు దారులు. మా షెడ్డు యజమాని అరబ్బు, నా చేతి పని అంటే అతనికి ఇష్టం. నాకు వచ్చిన అరబ్బీ సుత్తి, రంగు, త్వరగా అనే మాటల దగ్గరే ఆగిపోయింది గనక నా తరఫున అన్న వెళ్ళి మాట్లాడి వచ్చాడు. "ఇంటికి పొయ్యి నాలుగు నెలలు ఉండిరమ్మన్నాడ్రా. కొత్త వీసా ఆయనే పంపిస్తాడంట," అన్నాడు. నేను రెండో మాట అడగలేదు.

వెళ్ళేముందు వీసాల ఆఫీసులో నా కళ్ళను మిషనులో ఫోటో తీసి, ముద్ర కొట్టిన ఒక కాగితం చేతిలో పెట్టారు. నిండా అరబ్బీ. చిన్నప్పుడు మసీదులో హజరత్ గారు బెత్తం పట్టుకుని నేర్పిన చదువు నాకు బాగా ఉండేది, ఏ అక్షరం చూపినా చదవగలను. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పవిత్ర గ్రంథంలో అక్షరాల మీదా కిందా జేర్, జబర్ అని గుణింతపు గుర్తులుంటాయి, పలకడం తేలిక. ఆఫీసు కాగితంలో అవేవీ లేవు. అయినా ఆ సాయంత్రం గదిలో మంచం మీద కూర్చుని, అన్న వింటుంటే, తడుముకుంటూ మొత్తం పైకి చదివాను. అన్న చదువుకోలేదు గాని వింటే అర్థం చేసుకోగలడు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "బాగా చదివావురా. మాఫీ చేశామని రాశాడు. నువ్వు ఎప్పుడన్నా రావచ్చంట. కాయితం పారేసుకోబాక," అన్నాడు.

పారేసుకోవడమా! ఇంటికొచ్చిన మర్నాడే జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను. అరబ్బీ అక్షరాలున్న కాగితం కదా, కింద పెట్టడానికి మా ఆవిడకు మనసొప్పక, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి పై అరలో గ్రంథం పక్కనే పెట్టింది. మా వీధి ముసలమ్మలు ఇద్దరు దాన్ని కళ్ళకద్దుకున్నారు. నకరికల్లు నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చి, క్షమించిన కాగితం ఎలా ఉంటుందో చూసి వెళ్ళాడు.

నాలుగు నెలలు ఏడాదైంది, ఏడాది రెండేళ్ళయింది. ఫోన్ చేసినప్పుడల్లా అన్న వచ్చే నెల అనేవాడు. విసుగొచ్చి, వేరే వాళ్ళను పట్టుకుని మళ్ళీ ఒక విజిట్ వీసా సంపాదించి విమానం ఎక్కాను. దిగాక మిషనులో కళ్ళు పెట్టమన్నారు, పెట్టాను. అధికారి ముఖం మారింది, నన్ను పక్కకు రమ్మన్నాడు. నాకు బెరుకే లేదు. చొక్కా లోపలి నుంచి ఆకుపచ్చ గుడ్డ తీసి, విప్పి, రెండు చేతులతో కాగితం అందించాను. అతను చదివాడు, నన్ను చూశాడు, ఇంకొకణ్ణి పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వారు.

అక్కడ నేల తుడుస్తున్న ఒకతన్ని పిలిచి నాతో మాట్లాడమన్నారు. తెలంగాణ అతను. కాగితం సంగతి వాళ్ళు చెబితే విని, నా వంక జాలిగా చూశాడు. "ఇదేంది కాకా, నిన్ను మళ్ల రావొద్దని రాసిన కాయితానికి ప్లాస్టిక్ తొడిగిచ్చినవా?" అన్నాడు. మాఫీ అని లేదా అని అడిగాను. "జైలు మాఫీ. రాకడ బందు," అన్నాడు.

తిరుగు విమానం దాకా ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. నమ్ముతారో లేదో, అప్పుడు కూడా అన్న మీద అనుమానం రాలేదు. గుర్తులు లేని అక్షరాలను నేనే తప్పుగా పలికి ఉంటాను, అన్నకు వేరేగా వినబడి ఉంటుంది అనుకున్నాను. రెండేళ్ళపాటు నా నాలుకనే తిట్టుకున్నాను.

శావల్యాపురంలో ఒక పెళ్ళికి వెళితే అన్న బావమరిది కనబడ్డాడు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడట. కుశలాలయ్యాక, తను నా షెడ్డులోనే, నా మంచం మీదే ఉంటున్నానని చెప్పి, "నీకు వీసా ఇస్తానని సేఠు చానా అడిగాడంట గదన్నా. నువ్వే ఇంటికి పోతానని పట్టుబట్టావంట. అందుకేగా మా బావ నన్ను పిలిపించాడు," అన్నాడు. వాడికి ఏ పాపమూ తెలియదు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

అన్న ఊరికొచ్చాక వాళ్ళ వాకిట్లోనే నిలదీశాను. తల దించుకుంటాడనుకున్నాను, దించుకోలేదు. "నా ఇంట్లో మీ వదిన పోరు నీకేం తెలుసురా? నిజం చెబితే నువ్వు ఎల్లేవోడివా? నీ చేతిలో పనుంది, యాడైనా బతుకుతావ్," అన్నాడు. ఆ తర్వాత, "అయినా చదివింది నువ్వేగా, నేను గాదుగా," అన్నాడు. ముద్దలు పెట్టిన చేత్తో చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇప్పుడు మా షెడ్డు నుంచి వెళ్ళే కుర్రాళ్ళు ఏ కాగితమిచ్చినా దాని మీద ఫోన్ పెడతారు, తెలుగులో అర్థం వచ్చేస్తుంది. అన్నా, ఏం రాశాడు అని ఎవరి పక్కనా కూర్చుని అడగాల్సిన పని లేదు. వాళ్ళను చూస్తే సంతోషంగానే ఉంటుంది. కాని మన రోజుల్లో మనకు చదివి చెప్పే యంత్రాలు లేవు, మనుషులే ఉండేవారు, మనవాడు చెప్పాడంటే అదే ముద్ర.

అన్న పోయినప్పుడు వెళ్ళి భుజం పట్టాను. నా ఉద్యోగం తీసుకున్నందుకు ఎప్పుడో మాఫీ చేశాను. ఒక్కటి మిగిలిపోయింది. తెల్లవారుజామున గ్రంథం తెరిస్తే ఒకప్పుడు అర్థం తెలియకపోయినా నాలుక దానంతటది సాగిపోయేది, మనసు నిమ్మళంగా ఉండేది. ఇప్పుడు వరస కింద తెలుగు అర్థం అచ్చు వేసినది కొనుక్కున్నాను. పై వరస చదివి, ఆగి, కింద ఏముందో సరిచూసుకుంటే గాని ముందుకు వెళ్ళలేను. దేవుడి మాటను కూడా అలా తనిఖీ చేసుకునే గుణం నాకు అన్న వల్ల అబ్బింది, దానికి మాత్రం అతన్ని క్షమించడం నా వల్ల కావడం లేదు.