ద్వారపూడి దాకా ఆపిన సీటు

ఆ రోజు మండపేటలో బస్సెక్కి ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటు మీద చేతిరుమాలు వేశాను. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ వచ్చి, "ఖాళీయేనాండీ?" అని అడిగింది. "లేదండి, మనిషి ఉన్నారు. ద్వారపూడిలో ఎక్కుతారు" అన్నాను. బిడ్డతో నిలబడలేనని ఆవిడ, ఇవ్వనని నేను. మాటా మాటా పెరిగింది. కండక్టరు దగ్గరికొచ్చి, "మేడంగారూ, ఆ ద్వారపూడి ఆవిడ పోయి రెండు నెలలైందండి" అన్నాడు నెమ్మదిగా.

నాకు తెలియక కాదు. చెయ్యి దానంతటదే రుమాలు వేసింది, నోరు దానంతటదే అబద్ధమాడింది. రుమాలు తీసి ఆవిడకు చోటిచ్చాను. రాజమండ్రి వచ్చేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. నాకేదో అయిందని మొదటిసారి భయపడింది ఆ రోజే.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నేను సీటు ఆపేది ఉమగారికి, ఆవిడ అక్కడే కళ్లజోళ్ల షాపులో పనిచేసేవారు. పద్నాలుగేళ్లు ఒకే బస్సు. ఒకరింటికొకరం వెళ్లింది లేదు, ఒక్కసారైనా 'నువ్వు' అనుకున్నది లేదు. అయినా మా అత్తగారితో తగువులు, మా అబ్బాయి ఇంటర్ తప్పడం, నా ఆపరేషన్ భయం, అన్నీ ముందు తెలిసింది ఆవిడకే. నాది కాస్త వాగుడు. బస్సు కాంప్లెక్సులో ఆగగానే, "మిగతా పురాణం సాయంత్రం చెబుదురుగాని, ముందు దిగండి" అనేవారు.

ఒక సోమవారం ఆవిడ ఎక్కలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. జ్వరమేమో అనుకున్నాను. మంగళవారం, బుధవారం కూడా రుమాలు వేశాను. గురువారం కండక్టరు చెప్పాడు, సోమవారం పొద్దున్నే గుండెపోటని. అంటే మూడు రోజులు పోయిన మనిషికి సీటు ఆపాను.

స్కూలుకెళ్లి సెలవు అడిగితే హెడ్‌మాస్టరుగారు, "అయ్యో, ఆవిడ మీకు ఏమవుతారండి?" అన్నారు. "ఏమీ కారండి. బస్సులో పరిచయం" అన్నాను. చుట్టాలు పోతే మైల ఉంటుంది. పది రోజులు పనులు మానుకుని ఏడవడానికి ఒక పద్ధతుంటుంది. బస్సు స్నేహితురాలికి ఏ మైలా లేదు. సెలవు మాట వదిలేసి, ఎనిమిదో తరగతికి వెళ్లి వర్గమూలాలు చెప్పాను.

తర్వాత అన్నం సయించలేదు. గుండె మీద బండ పెట్టినట్టుండేది. తెలిసిన లెక్కే, బోర్డు మీద సగంలో ఆగిపోయేది. సీటు గొడవ అయ్యాక మావారితో దాని సంగతి చెప్పలేదు, చేతులు వణుకుతున్నాయని మాత్రమే చెప్పాను. "గ్యాసై ఉంటుంది" అన్నారు. ఆయన లెక్కలో అన్ని రోగాలూ గ్యాసే. రాజమండ్రిలో ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, బీ12 అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి, "ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారామ్మా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఇంట్లో అందరూ క్షేమమే. ఆయన విటమిన్ మాత్రలు రాసిచ్చారు, నేను బుద్ధిగా వేసుకున్నాను.

నెల తర్వాత ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, నేను లేకపోతే మాత్రం ఎవరికేం లోటు అన్న ఆలోచన వచ్చింది. పెన్ను పడేసి నిలబడ్డాను. ఇలాంటి మాట నా బుర్రలోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు. అప్పటికప్పుడే మావారికి చెప్పేశాను, సీటు గొడవతో సహా. ఈసారి ఆయన గ్యాసనలేదు. ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు సెలవు పెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరమ్మ అంతా విని, "ఉమగారు మీకు ఏమవుతారు?" అని అడిగారు. మళ్లీ అదే ప్రశ్న. ఏమీ కారని చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ పోయాక నేను మొదటిసారి ఏడ్చింది ఆ కుర్చీలోనే. "ఇది డిప్రెషన్ అండి. పోయినవాళ్లు చుట్టాలా కాదా అని మనసు చూసుకోదు. మందులు మెల్లగా పనిచేస్తాయి. మీ అంతట మీరు ఆపకండి" అన్నారామె.

ఆపాను. మందులు మొదలెట్టిన రెండు నెలలకు ఆకలి తిరిగొచ్చింది, పిల్లలతో నవ్వాను. "ఆ మందులు అలవాటైపోతాయట అక్కా" అని మా తోటికోడలంటే మానేశాను. మూడు వారాల్లో మంచం దిగలేని స్థితి. చీవాట్లు పడతాయనుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "మళ్లీ మొదలుపెడదామండి" అన్నారు, అంతే. మందులతోపాటు కౌన్సెలింగ్ కూడా సాగింది. ఒకరోజు కౌన్సెలరు, "వాళ్లింటికి వెళ్లారా?" అని అడిగింది. పిలవని ఇంటికి ఏమని వెళ్లను? అయినా ఒక ఆదివారం ద్వారపూడిలో దిగాను.

ఉమగారి అమ్మాయి తలుపు తీసింది. పేరు చెప్పాను, తెలియలేదు. బస్సులో టీచర్ని అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మ రోజూ మీ గురించే చెప్పేదాంటీ. ఆ పొద్దున్న ఆసుపత్రికి ఆటో ఎక్కిస్తుంటే కూడా, 'బస్సులో టీచరుగారు సీటు ఆపుతారే, ఫోన్ చేసి ఎవర్నైనా కూర్చోబెట్టుకోమను' అంది. హడావుడిలో నేనే చెయ్యలేదు. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదండి."

అక్కడే అరుగు మీద కూర్చున్నాను. గుండె నొప్పితో పోతూ కూడా నాకు కబురు పెట్టమన్న మనిషిని, నాకు ఏమీ కారని చెప్పాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఇది జరిగి ఏడాది దాటింది. డోసు తగ్గిస్తూ తగ్గిస్తూ డాక్టరమ్మే మందులు ఆపారు. అదే బస్సులో వెళ్తున్నాను. ఎవరైనా "ఖాళీయేనాండీ?" అంటే "కూర్చోండి" అంటాను. ద్వారపూడిలో కిటికీలోంచి చూడటం మాత్రం మానలేదు, మానమని డాక్టరమ్మా చెప్పలేదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. స్నేహితులు పోయాక ఒంట్లో బాగోక వెళ్తే, ఇంట్లో ఎవరైనా పోయారా అని డాక్టరుగారు అడుగుతారు. లేదనకండి. "పోయారండి" అని చెప్పండి.