నేను వద్దన్న మేక

ఆడమేకను కొనేటప్పుడు ముందు నోరు చూడాలి. ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. వాటిలో రెండు పెద్దవైతే మేకకు ఏడాది దాటినట్టు, ఎనిమిదీ పెద్దవైతే నాలుగేళ్ళకు అటూ ఇటూ అయినట్టు. అవి అరిగి సందులు పడితే ముసలిదే. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టులో చేరినవాణ్ణి. సెలవు దొరికినప్పుడల్లా పటమటలో మా ఇంటికి దగ్గరున్న గ్రంథాలయంలో కూర్చుని, కనబడ్డ పుస్తకమల్లా చదివి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. కొట్లో నన్ను ప్రొఫెసర్ అనేవారు. ఎగతాళికే అనేవారు గానీ నాకు బాగానే ఉండేది.

మా చెల్లెల్ని కూచిపూడి దగ్గర పల్లెలో ఇచ్చాం. పోయిన ఏడాది తను పది ఆడమేకలతో మంద మొదలుపెడదామనుకుని, ఎంచి పెట్టడానికి నన్ను సంతకు రమ్మంది. ఆటోలో వెళుతుంటే ఒకటే మాట చెప్పింది.

“అన్నయ్యా, నచ్చకపోతే ‘మళ్ళీ వస్తామండీ’ అని ముందుకెళ్ళిపో. వంకలు పైకి అనకు. అక్కడెవరూ అనరు. అంటే ఇక వెనకొచ్చేవాళ్ళు కూడా కొనరు.”

“అందుకేగా జనం మోసపోయేది,” అన్నాను.

ఎండెక్కే లోపే తొమ్మిది కుదిరాయి. ప్రతిదానికీ కింది కనురెప్ప లాగి చూశాను. లోపల పాలిపోయి ఉంటే కడుపులో పురుగులున్నట్టు. గిట్టలు ఎత్తి చూశాను, పొదుగు పట్టి చూశాను. చూడటానికి నా వెనక జనం చేరారు. ఒకాయన పక్కవాణ్ణి “డాక్టరు గారా?” అని అడగటం వినిపించింది. కాదని నేను చెప్పలేదు.

పదోదాని కోసం వెతుకుతుంటే సంత చివర ఒక ముసలావిడ ఒక్క నల్లమేకను పట్టుకుని కనిపించింది. ఆ మేక ఆవిడ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని ఉంది.

“మందలోకేనా బాబూ?” అని అడిగింది. “మందలోకైతేనే ఇస్తాను. కోతకి కొనేవాళ్ళు పొద్దుట్నించీ తిరుగుతున్నారు, ఇవ్వనన్నాను. నా మోకాళ్ళు పనిచేస్తే దీన్నసలు అమ్మేదాన్నే కాదు. మేపే దిక్కు లేదు.”

“ఎన్నిసార్లు ఈనింది మామ్మగారూ, ఎన్నో ఈత?”

“రెండోదండి.”

మేక పెదవి ఎత్తాను. రెండు పళ్ళు ఊడిపోయాయి. ఉన్నవి అరిగి మొద్దులైపోయాయి. మా చెల్లెలు వెనక నుంచి నా చొక్కా లాగింది. జనం నా నోటివంక చూస్తున్నారు.

“రెండోదేంటి, ఎనిమిదో తొమ్మిదో అయ్యుంటాయి,” అన్నాను గట్టిగా. “ఈ పళ్ళతో ఇక గడ్డి కొరకలేదు.” పొదుగు పట్టుకున్నాను. ఎడమవైపు రాయిలా తగిలింది. “ఇదిగో, ఎప్పుడో వాపు జబ్బు చేసి గట్టిపడిపోయింది. ఈ వైపు చుక్క పాలు రావు. మందకి పనికిరాదు.”

“మేక నోరైతే చూశారు, మామ్మ నోరు కూడా చూడండి డాక్టరు గారూ, ఎన్నో ఈతో తేలిపోద్ది,” అన్నాడు గుంపులో ఒకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలావిడ చప్పున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు ముందు పళ్ళు లేవు.

“అవిసాకు పెడితే తింటదండి,” అంది చెయ్యి తియ్యకుండానే.

మేకను చూద్దామని వచ్చిన ఇద్దరు మందలవాళ్ళు అటునుంచి అటే వెళ్ళిపోయారు. కోతకి కొనే మనిషి దగ్గరికొచ్చాడు. “ఇంకెవరికిస్తావు ముసలమ్మా? చదువుకున్న బాబే చెప్పాడుగా,” అన్నాడు.

మా చెల్లెలు నన్ను పక్కకు లాగింది. “పదోది ఇదే అనుకుందాం అన్నయ్యా. పెరట్లో విడిగా కట్టుకుంటాను.”

“మంద పెడుతున్నావా, వృద్ధాశ్రమం పెడుతున్నావా?” అన్నాను అందరికీ వినబడేటట్టు. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. మా చెల్లెలు కొన్న తొమ్మిదింటి దగ్గరికి వెళ్ళిపోయింది. పుస్తకం ప్రకారం నేనొక్క ముక్క తప్పు చెప్పలేదు. ఇవాళ ఎవరడిగినా అవే చెబుతాను.

కాసేపటికి ముసలావిడ తాడు ఆ కోతకి కొనే మనిషి చేతికిచ్చింది. అతను మేక కాళ్ళు కట్టి ట్రాలీ ఆటోలో పడేశాడు. అది అరుస్తుంటే ఆవిడ అటు పోకుండా, మోకాళ్ళు పట్టుకుంటూ నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

“మీకు అన్నీ తెలుసు గదా బాబూ. దానికి ఎంతసేపు తెలుసుద్దండి?”

నాకు అర్థం కాలేదు.

“కోసేటప్పుడు,” అంది.

అది కూడా చదివాను. తెలియదని చెప్పేసి ఉండొచ్చు. ఎన్ని సెకన్లో అంకెతో సహా చెప్పాను. సెకను అంటే ఎంతో ఆవిడకు తెలియకపోతే, చిటికెలు వేసి చూపించాను. ఆవిడ చిటికెకో వేలు మడుస్తూ ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి మారి, మధ్యలో ఆగిపోయింది.

“ఇంతసేపా బాబూ?” అంది.