ఏడో తలుపుకు ప్లే డే

రఘుపతి గోదావరిఖనిలో దీపాలు ఇచ్చే మనిషి. గని పైన ఒక గది ఉంటుంది. దిగేవాళ్లు అక్కడ తమ నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటారు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. కొక్కేనికి బిళ్ల వేలాడుతుంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అంతకు మించి ఆ గదిలో తత్వం ఏమీ లేదు. రఘుపతి మాత్రం ఉందని నమ్మాడు.

అతనికి ఒక బాధ ఉంది. చాలా ఏళ్ల కిందట ఆదివారం పొద్దున టీవీలో ‘కొలిమికోట’ అనే సీరియల్ వచ్చేది. కోట అడుగున గుహలు. గుహల్లో ఏడు తలుపులు, వాటికి కాపలాగా ఒక రాక్షసుడు. వీరుడు ఆరు తలుపులు దాటి ఏడో తలుపు మీద చెయ్యి వేశాడు. సబ్బు ప్రకటన వచ్చింది. మరుసటి ఆదివారం ఆ సమయానికి వరిలో తెగుళ్ల గురించి చెప్పారు. సీరియల్ మళ్లీ రాలేదు. వీరుడి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

ఇలాంటి బాధ ఒక్కడికి ఉంటే పిచ్చి అంటారు. కొంతమందికి కలిపి ఉంటే అభిమాన సంఘం అంటారు. టెలిగ్రాంలో కొలిమికోట అభిమాన సంఘం అలా పుట్టింది. సభ్యులు చాలావరకు ఖని వాళ్లు, శ్రీరాంపూర్ వాళ్లు. అధ్యక్షుడు నరసింహమూర్తి. కోస్తా నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇప్పటికీ మాట్లాడితే ‘మా వైపు’ అనే మనిషి. కార్యదర్శి సంపత్. గనిలో బొగ్గు డబ్బాలు లాగే హాలేజీ యంత్రం నడుపుతాడు. హాలేజీ కన్నా యూనియన్‌ను ఎక్కువ నడుపుతాడు.

సంఘం చేసే పని ఒకటే. ఏడో తలుపు వెనక ఏముండేదో వాదించుకోవడం. వాదనలు వినీ వినీ నరసింహమూర్తి కూతురు ధరణికి విసుగొచ్చింది. ఆమెది కంప్యూటర్ పని. మిగిలిన కథ మీరే ఆడుకోండి అని ఒక ఆట తయారుచేసి ఇచ్చింది. ఆటలో బొమ్మలు లేవు. అంతా అక్షరాలే. ‘ఉత్తరానికి పో’ అని రాస్తే, ‘చీకటి గుహ, ఎడమ పక్క నీటి చప్పుడు’ అని జవాబు వస్తుంది. ఎంతమందైనా ఒకేసారి దిగవచ్చు. ఒకరు రాసింది మిగిలినవాళ్లకు కనిపిస్తుంది. గుహలెలా ఉండాలో సంఘమే రాయాలి.

రాసింది రఘుపతి. గుహలన్నీ అతనివే. పైకప్పు బరువు, గోడల తడి, ఎక్కడో కారుతున్న నీరు. ఏడో తలుపు వెనక ఏముందో కూడా రాశాడు. అది మాత్రం ఎవరికీ చూపించలేదు. ఆటలో ఎక్కించాల్సిన ధరణికి తప్ప. ఆమెకు ఒక షరతు చెప్పాడు. ఐదుగురు కలిసి, ఒకేసారి ‘తొయ్యి’ అని రాస్తేనే ఆ తలుపు తెరుచుకోవాలి.

“ఐదుగురు ఎందుకంకుల్? ఒక్కరు చాలరా?”

“ఒక్కడు చూస్తే వాడు చెప్పుడు, మిగిలినోళ్లు నమ్మకపోవుడు. మళ్ల లొల్లి మొదటికొస్తది బిడ్డా.”

జీవితంలో రఘుపతి మొదటిసారి ఒక ముగింపు రాశాడు. అది ఎవరైనా చదవాలి. అతనికి కావలసింది అంతే. అదంత సులువు కాదని అతనికి తెలియదు. ఎందుకంటే ఆటకు నియమాలు పెట్టే పనిని సంఘం తీసుకుంది.

చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో సమావేశం జరిగింది. సంపత్ లేచి నిలబడ్డాడు. చాయ్ తాగడానికి కూర్చున్నవాళ్ల మధ్య కూడా అతను లేచే మాట్లాడతాడు.

“దీపం లేకుంట గుహలకు ఎట్ల దింపుతరు? రేపు ఎవనికన్న ఏమన్న అయితే బాధ్యత ఎవలది?”

“అది అక్షరాల గుహ కదండీ,” అన్నాడు నరసింహమూర్తి.

“గుహ గుహే సార్.”

ఈ మాట రఘుపతికి ఎంతో నచ్చింది. ఆట మొదట్లోనే దీపాల గది పెట్టాడు. బిళ్ల ఇవ్వాలి, దీపం తీసుకోవాలి, వరసలో నిలబడాలి. వరస ఎంత పొడుగుందో కూడా ఆట చెబుతుంది. ఇది తన గొయ్యి తానే తవ్వుకోవడమని అప్పుడు అతనికి తోచలేదు. అందంగా ఉందనుకున్నాడు.

దీపాల వెనక షిఫ్టులు వచ్చాయి. రాక్షసుడితో ఒక షిఫ్టుకు మించి యుద్ధం చేయించరాదని తీర్మానం. షిఫ్టుల వెనక మస్టరు వచ్చింది. మస్టరంటే హాజరు. దిగిన ప్రతిసారీ ఒక మస్టరు పడుతుంది. మస్టర్లు పెరిగితే మజ్దూరు వీరుడవుతాడు, వీరుడు మహావీరుడవుతాడు. కత్తి తిప్పడం వచ్చిందా రాదా అన్నది ఎవరూ అడగరు.

ఆట మొదలైంది. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి పాత అభిమానులు కొందరు వచ్చారు. వాళ్లలో ఒకతను ‘కత్తి తీసుకో’ అని రాశాడు. ‘ముందు భద్రతా శిక్షణ పూర్తిచేయండి’ అంది ఆట. ‘పరుగెత్తు’ అని రాశాడు. ‘గుహలో పరుగెత్తరాదు’ అంది. అతను ఇంకేదో రాశాడు. అది ఇక్కడ రాయదగింది కాదు. ఆ వచ్చినవాళ్లెవరూ మర్నాడు కనిపించలేదు. మొదటి రోజు ఒక్క ప్రమాదం కూడా జరగలేదని సంపత్ ప్రకటించాడు.

ఖని వాళ్లు మాత్రం రోజూ వచ్చారు. బిళ్ల ఇచ్చారు, దీపం తీసుకున్నారు, మస్టరు వేయించుకున్నారు, దిగగానే ‘కూర్చో’ అని రాసి ఫోను జేబులో పెట్టుకున్నారు. రాక్షసుడు కొన్నాళ్లు గర్జించాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి మానుకున్నాడు. సంఘంలో అప్పటికి చాలామంది మహావీరులు తయారయ్యారు.

ఏడో తలుపు దాకా కొందరు వెళ్లకపోలేదు. వెళ్లేసరికి షిఫ్టు అయిపోయేది. ఒకసారి ముగ్గురు నిలబడ్డారు. ఇంకో ఇద్దరు వచ్చేలోపు సైరన్ పడింది. ముగ్గురూ పైకి వచ్చేశారు. సంపత్ గ్రూపులో రాశాడు: ‘తలుపు సగం తోసినం. మిగిలింది సెకండ్ షిఫ్టోళ్లు చూసుకుంటరు.’ తలుపును సగం తోయడం కుదరదని ధరణి చెప్పింది. సెకండ్ షిఫ్టు వాళ్లు తమ పని సగం తగ్గిందని సంతోషించారు.

రఘుపతి డ్యూటీ దిగి వచ్చి ఫోను ముందు కూర్చునేవాడు. ఎవరు ఏ తలుపు దగ్గరున్నారో చూసేవాడు. భార్య సారక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసేది.

“పొద్దంత గుహల పోయెటోళ్లకు దీపాలిచ్చుడు. ఇంటికొచ్చి లేని గుహల పోయెటోళ్లకు దీపాలిచ్చుడు. గీ రెండో కొలువుకు పింఛనొస్తదా అయ్యా?”

“నీకు తెల్వదు ఊకో.”

“తెల్వదు గని, తలుపెనక ఏమున్నదో నాకన్న చెప్పరాదు.”

“చెప్తే అయిపాయె. పోయి చూడాలె.”

“నేనెందుకు పోత? వంటింట్ల తలుపే సక్కగ పడ్తలేదు, ముందు దాన్ని చూడరాదు.”

ఆమెకు కూడా ఫోనులో ఆట ఎక్కించి పెట్టాడు. ఆమె తెరవలేదు.

అంతలో ధరణికి పుణెలో ఉద్యోగం వచ్చింది. ఆట ఆమె పాత కంప్యూటర్ మీద నడుస్తోంది. దాన్ని ఎవరికో ఇచ్చేసి వెళ్తానని, సోమవారం నుంచి ఆట ఉండదని గ్రూపులో రాసింది. అందరూ శుభాకాంక్షలు చెప్పారు. చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు వచ్చాయి. ఆట పోతుందన్న మాట ఎవరూ ఎత్తలేదు.

రఘుపతి సంపత్ ఇంటికి వెళ్లాడు.

“సంపత్, ఐదుగురు కావాలె. షిఫ్టు అయినంక కొంచెం సేపు ఆగితే చాలు. తలుపు తెరుచుకుంటది.”

“షిఫ్టయినంక ఆగుడా? ఎట్లయితదన్నా? గట్ల ఒక్కసారి ఒప్పుకుంటే రేపు రోజు ఆగుమంటరు.”

“ఎవలంటరు?”

“ఎవలో ఒగలంటరు.”

“ఆట నాది, రాసింది నేను. నేనైతే అనను గదా.”

“నువ్వు మంచోనివే అన్నా. నీ తర్వాత వచ్చెటోడు ఎట్లుంటడో?”

తన తర్వాత ఎవరూ రారని, సోమవారం తర్వాత అసలు ఏదీ ఉండదని రఘుపతి చెప్పాడు. సంపత్ అదంతా ఓపికగా విని, సూత్రం సూత్రమే అన్నాడు.

రఘుపతి నరసింహమూర్తిని అడిగాడు. “నేను అధ్యక్షుణ్ణండీ. నేనే నియమం తప్పితే బావుంటుందా?” అన్నాడాయన. ఆయనకు అప్పటికి ఒక్క మస్టరు కూడా లేదు. ఆట తెరవడం రాదు.

దారిలో రఘుపతికి ఒక ఆలోచన వచ్చింది. గొప్పదేం కాదు. ఈ బొగ్గు బెల్టులో పుట్టిన ఎవరికైనా వచ్చేదే. గనిలో ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు. ఆ రోజు వచ్చినవాడికి మస్టరు రెండింతలు, జీతం రెండింతలు. ఇంట్లో పెళ్లి ఉన్నా ప్లే డే వదులుకునే మనిషిని రఘుపతి చూడలేదు. తనూ వదులుకోలేదు. గ్రూపులో రాశాడు: ‘ఈ ఆదివారం కొలిమికోటలో ప్లే డే. డబుల్ మస్టరు. ఏడో తలుపు దగ్గర డ్యూటీ.’

ఆదివారం పొద్దున దీపాల గది ముందు అంత పెద్ద వరస ఎన్నడూ లేదు. నెలల తరబడి కనిపించనివాళ్లు వచ్చారు. సీరియల్ పేరు కూడా మరిచిపోయినవాళ్లు వచ్చారు. ఎవరి బావమరిదో బసంత్‌నగర్ నుంచి, సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ చేస్తూనే దిగాడు. నరసింహమూర్తి కూతురిచేత ఆట తెరిపించుకున్నాడు. అందరూ దీపాలు పట్టుకుని ఆరు తలుపులు నడిచారు. రాక్షసుడు దారి ఇచ్చాడు. ఏడో తలుపు దగ్గర రఘుపతి రాశాడు: ‘అందరు కలిసి.’

తొయ్యి. తొయ్యి. తొయ్యి. ఐదుగురు కాదు, ఇరవై మందికి పైగా తోశారు.

తలుపు తెరుచుకుంది. రఘుపతి రాసింది వరసగా రావడం మొదలైంది.

‘నిధి లేదు. రాక్షసుడి ప్రాణం లేదు. పైకి పోయే మెట్లున్నాయి. మెట్ల చివర పగలుంది. నీకు ముందు దిగినవాళ్లు, వాళ్లకు ముందు దిగినవాళ్లు, అందరూ అక్కడ కూర్చుని ఉన్నారు. ఒళ్లు కడుక్కున్నారు. గాలికి వేపపూత వాసన ఉంది...’

ఇంకా ఉంది. కానీ ఈలోపు సంపత్ రాశాడు: ‘నాకు సింగిలే పడ్డది.’

‘నాకు సుత సింగిలే.’

‘నాకు అసలే పడలే.’

‘తోసినోళ్లకేనా డబుల్, వచ్చినోళ్లందరికా? ముందుగాల చెప్పాలె గద.’

మెట్లు, పగలు, వేపపూత అన్నీ పైకి జరిగిపోయి కనపడకుండా పోయాయి. బసంత్‌నగర్ బావమరిది తనకు శిక్షణ మస్టర్లు కూడా రావాలన్నాడు. నరసింహమూర్తి ‘శాంతించండి’ అని రాసి, దాని కిందే తనకెన్ని పడ్డాయని అడిగాడు. రఘుపతి ఫోను మోగింది. సంపత్.

“అన్నా, ఏందిది? డబులంటివి?”

“వేస్త తియ్యి. చదివినవా?”

“ఏంది?”

“తలుపెనక ఉన్నది.”

“చదువుత అన్నా, యాడికి పోతది? ముందుగాల గిది జల్ది చూడు. మందంత గరమున్నరు.”

సాయంత్రానికి సంఘం తీర్మానం చేసింది. పడాల్సిన మస్టర్లు తేలేదాకా ఆట ఆపరాదు. ధరణి తండ్రి మీద ఒత్తిడి వచ్చింది. తండ్రి ధరణి మీద పెట్టాడు. పాత కంప్యూటర్ ఎవరికీ ఇవ్వలేదు. నరసింహమూర్తి ఇంట్లో కుర్చీ కింద పెట్టి, అది ఆగిపోకుండా చూసుకునే బాధ్యతను అధ్యక్షుడికి అప్పగించారు. కొలిమికోట అలా బతికింది. తలుపు వెనక ఏముందని అడిగినవాళ్లు లేరు. ఆ వాదన కూడా ఆగిపోయింది. ఇప్పుడు వాదించడానికి ఇంతకన్నా గట్టి విషయం దొరికింది.

రఘుపతి అరుగు మీద కూర్చున్నాడు. సారక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆమె చేతిలో ఫోనుంది.

“నన్ను సుత ఎక్కించినవు గదా. పొద్దుగాల అందరితోని నేను సుత తోసిన.”

రఘుపతి తలెత్తాడు.

“ఎందుకు? డబుల్ కోసమా?”

“నాకెందుకయ్యా గవి. వాళ్ల లొల్లంత పైకి జరుపుకుంట పోయి సదివిన.”

“అంతా?”

“అంత. ఆ ముసలోళ్లు కూసున్న కాడ రెండుసార్లు సదివిన.” ఫోను పక్కన పెట్టింది. “బొగ్గుబాయి మీద వేపపూత వాసన ఎన్నడొచ్చిందయ్యా? బట్టలారేస్తే బొగ్గు దుమ్ము తప్ప.”

“ఆట గద.”

“అబద్ధం మంచిగ రాసినవ్.”

రఘుపతి ఫోను మళ్లీ మోగింది. ఎత్తలేదు. కొంతసేపటికి లోపలికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కరికీ డబుల్ మస్టర్లు వేయడం మొదలుపెట్టాడు. మొదటిది సారక్కకు వేశాడు. సంపత్‌ను చివరకు ఉంచాడు.