పేజీలో మిగిలిపోయిన కీ

పద్దెనిమిదేళ్ల కిందట మా పిన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేది. చేరిన రోజే "భద్రంగా ఉంటాయమ్మా" అంటూ ఆమె సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఇనప బీరువాలో పెట్టారు. తర్వాత ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పదిరోజుల్లోగా అసలు కాగితాలతో రమ్మన్నారు. బీరువా తాళంచెవి మేనేజరు దగ్గరుందనీ, ఆయన సెలవులో ఉన్నాడనీ ఆస్పత్రివాళ్లు చెప్పారు. ఆయన పదకొండో రోజు వచ్చాడు. నవ్వుతూనే ఇచ్చాడట.

ఆ నవ్వు నేను చూడలేదు గానీ, తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పిన్నికి మండదు. "మండితే కాలేది మనమేరా" అంటుంది. ఆమె ఆస్పత్రి వదిలేసి, టైపింగుతో మొదలుపెట్టి, ఎవరూ నేర్పకుండానే కంప్యూటర్ నేర్చుకుంది.

నాలుగేళ్లుగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. అక్కడివాళ్లు ఒక లైబ్రరీ తయారుచేశారు. అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే కోడ్. సర్టిఫికెట్‌ను ఎవరికీ అర్థంకాని అక్షరాలుగా మార్చి ఒకచోటి నుంచి మరోచోటికి పంపడం దాని పని. అందుకున్నవాళ్ల దగ్గరున్న కీతో తప్ప అది తెరుచుకోదు. ఆ కీ ఇనుముది కాదు, పొడుగాటి అంకెల వరస. అసలు సర్టిఫికెట్ మాత్రం అది ఎవరిదో ఆ మనిషి ఫోన్‌లోనే ఉంటుంది. బీరువాలతో పనిలేదు.

ఆ లైబ్రరీని ఎలా ఎక్కించుకోవాలో చెప్పే పేజీ రాయడం పిన్ని వంతు. రాసింది సరిపోతుందో లేదో చూడ్డానికి, అంతా చెరిపేసిన లాప్‌టాప్ ముందు కూర్చుని, పేజీలో ఉన్నదే చేస్తుంది, లేనిది ప్రాణంపోయినా చెయ్యదు. తనకు తెలిసినదైనా సరే. ఆఫీసులో ఆమెకు "అనుమానాల అక్క" అని పేరు.

ఆమధ్య ఒకరోజు సంగతి. మర్నాడు లైబ్రరీ ఒక ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ ఉద్యోగాలు మారే నర్సులవీ టెక్నీషియన్లవీ సర్టిఫికెట్లు అందులోంచే నడుస్తాయి. ఆ నెలాఖరుకే పిన్ని కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగించాలంటే టీమ్ లీడ్ సంతకం పెట్టాలి. సరిగ్గా ఆ రోజే ఆమె అడ్డం తిరిగింది. పేజీలో మూడో మెట్టు దగ్గర, చూపించడానికని లీడ్ పెట్టించిన శాంపిల్ కీ ఉంది. దాన్ని అలాగే వదిలేసినా లైబ్రరీ హాయిగా నడిచిపోతోంది.

ఆ తర్వాత జరిగింది నాకు లీడే చెప్పాడు. పిన్ని ఇలాంటివి చెప్పుకోదు.

"అది మార్చుకోవాలని కిందే రాశాం కదక్కా" అన్నాడతను.

"మందుసీసా మీద చీటీ నువ్వెప్పుడైనా చదివావా నాయనా?"

"మన లైబ్రరీ వాడేది ఇంజనీర్లక్కా, చిన్నపిల్లలు కాదు."

"సరే, ఇక్కడున్నవాళ్లంతా ఇంజనీర్లేగా. మీ లాప్‌టాప్‌లు తెండి."

నాలుగు తెచ్చారు. అందరూ ప్రయోగం కోసం తమ తమ సర్టిఫికెట్లు అందులో పెట్టుకున్నారు. పిన్ని పేజీలోని కీని కాపీ చేసి, లీడ్ సర్టిఫికెట్ మీద పెట్టింది. తెరుచుకుంది. కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది.

"రెండో సంవత్సరం, లెక్కలు, ముప్పై..."

"అక్కా! అక్కా, ఆపు తల్లీ!"

"ముప్పై తర్వాత ఎంతో చెప్పక్కా, పుణ్యముంటుంది" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నీది కూడా తెరుచుకుంటుంది బాబూ. ముందు నువ్వు కూర్చో."

నాలుగింట్లో మూడు తెరుచుకున్నాయి. లైబ్రరీ రాసినవాళ్లే కీ మార్చుకోలేదు. పిన్ని లాప్‌టాప్ మూసేసింది.

"మీ మార్కులు నాకెందుకు? చదవగలిగాను, అదీ సంగతి. ఇది ఇలాగే వెళ్తే ఆ నర్సుల బతుకులన్నీ ఒకే తాళంచెవికి వేలాడతాయి. అది ఎవడి జేబులో ఉంటుందో మీకు తెలుసా?"

లైబ్రరీ నాలుగురోజులు ఆగింది. ఇప్పుడది ఎక్కించిన ప్రతిచోటా మొదటిసారి నడిచినప్పుడే తన కీ తానే పుట్టించుకుంటుంది. పాత పేజీలోని శాంపిల్ కీ ఎవరైనా పెడితే మొరాయిస్తుంది, కదలదు. ఆ నాలుగురోజులకు పైవాళ్లతో చీవాట్లు తిన్నది లీడే. అయినా పిన్ని కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. అతని స్థానంలో నేనుంటే పెట్టేవాణ్ణి కానేమో. మనుషుల మీద నాకున్న చెడ్డ అభిప్రాయాన్ని ఆ సంతకం కొంచెం పాడుచేసింది.

పిన్ని పేరు ఆ లైబ్రరీలో ఎక్కడా ఉండదు. కానీ ఏ ఊళ్లోనైనా ఒక నర్సు ఎవరి బీరువా ముందూ నిలబడకుండా ఉద్యోగం మారిందని వింటే, అది మా పిన్ని పనేనని నాకు నేనే చెప్పుకుంటాను.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. చదివిన కాలేజీ ఆ లైబ్రరీ ద్వారానే పంపిన తన టెక్నీషియన్ సర్టిఫికెట్ ఫోన్‌లో చూపించింది. పోయిన ఉద్యోగానికి అదిప్పుడెందుకూ పనికిరాదు. అయినా రెండుసార్లు తెరిచి చూపించింది.

"ఫోన్ పోతే ఎలా పిన్నీ? నీ కీ కాపీ ఒకటి నాకివ్వు. భద్రంగా దాస్తాను" అన్నాను.

ఫోన్ నా చేతిలోంచి మెల్లగా లాక్కుంది.

"వాళ్లూ అలాగే అన్నార్రా. నువ్వు భోంచేసి వెళ్లు."